తెల్లకోటు లేకుండా ఆసుపత్రిలో కొలువు

ప్రశ్న: ఖమ్మంలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆసుపత్రి నిర్వహణ రంగంలో మంచి అవకాశాలున్నాయని విన్నాను. ఏడాది డిప్లొమా చేస్తే మేనేజర్ ఉద్యోగం ఖాయమని ఒక సంస్థవారు చెబుతున్నారు. నమ్మవచ్చా? ఏ కోర్సు మేలు? నా సబ్జెక్టు ఇందులో పనికి వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏడాది డిప్లొమాతో నేరుగా మేనేజర్ కావడం అరుదు. ఆ చదువుతో సాధారణంగా దొరికేది ఫ్రంట్ ఆఫీసులోనో, బిల్లింగ్‌లోనో, ఇన్సూరెన్స్ డెస్కులోనో ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం. అది చిన్నచూపు చూడవలసిన పనేమీ కాదు. పేరున్న నిర్వాహకులు చాలామంది అక్కడి నుంచే ఎదిగారు. అయితే ఆ ఉద్యోగం కోసం అప్పు చేసి మరీ లక్షలు కట్టవలసిన అవసరం లేదు.

అసలు పని ఎలా ఉంటుందో ఒక్క డిశ్చార్జిని గమనిస్తే అర్థమవుతుంది. ఉదయం రౌండ్స్‌లో డాక్టరు ‘ఇంటికి వెళ్లవచ్చు’ అంటారు. రోగి గడప దాటేసరికి సాయంత్రమవుతుంది. ఈ మధ్యలో డిశ్చార్జి సమ్మరీ టైపు కావాలి, వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి, ల్యాబ్ బకాయిలు బిల్లులో చేరాలి, ఫైలు బీమా కంపెనీకో, దాని తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ టీపీఏకో వెళ్లి ఆమోదం పొందాలి. ఆసుపత్రి నుంచి అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా తుది ఆమోదం తెలపాలని బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. ఆ గడియారం మొదలయ్యే ముందే ఆసుపత్రిలో జరిగే ఆలస్యాన్ని తగ్గించడం, ఖాళీ అయిన పడకను ఎమర్జెన్సీలో ఎదురుచూస్తున్న రోగికి అందేలా చూడటం నిర్వాహకుల బాధ్యత. ఓపిక, లెక్క, మాటతీరు మూడూ కావాలి. ఆదివారాలు, రాత్రి డ్యూటీలు తప్పవు.

ఇన్సూరెన్స్ డెస్కులో ఉద్యోగాలు పెరగడానికి కారణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ), 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్, వీటికి తోడు ప్రైవేటు పాలసీలు... ఇలా డబ్బు చెల్లించేవారు రోగి కాక మరొకరైనప్పుడు ప్రతి కేసుకూ కాగితం, ఫొటో, రిపోర్టు సమకూర్చేవారు తప్పనిసరి. క్లెయిము తిరస్కరణకు గురైతే నష్టపోయేది ఆసుపత్రే కనుక, ఈ పని తెలిసినవారిని యాజమాన్యాలు అంత తేలికగా వదులుకోవు.

మీ మైక్రోబయాలజీ అక్కరకు వచ్చేది క్వాలిటీ విభాగంలో. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోరే ఆసుపత్రులు ఇన్‌ఫెక్షన్ల నియంత్రణకు లెక్కలు రాయాలి, ఆడిట్లు జరపాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, సూదులు తెల్లని డబ్బాలోకి వెళ్లాలి. శుద్ధి చేయని రక్తసిక్త వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు. దాని వెనకున్న సూక్ష్మజీవి శాస్త్రం తెలిసిన మీరు, నర్సులకూ హౌస్‌కీపింగ్ సిబ్బందికీ ఆ కారణం వివరించగలరు. బీకాం చదివిన అభ్యర్థికి లేని బలం ఇది.

ఇక కోర్సులు. రెండేళ్లు వెచ్చించగలిగితే పీజీయే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హెల్త్‌కేర్ అండ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ నడుపుతోంది; దానికి క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ పీజీ ఉంది. ముంబయిలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), జైపూర్‌లోని ఆరోగ్య నిర్వహణ విద్యాసంస్థ ఐఐహెచ్ఎంఆర్ ఈ రంగంలో చిరకాలంగా పేరున్నవి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న ఎండీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ మాత్రం ఎంబీబీఎస్ చదివినవారికే. అర్హతలు, ఫీజులు ఏటా మారవచ్చు కనుక ఆ సంవత్సరపు నోటిఫికేషన్ చూసి దరఖాస్తు చేయండి.

మీకు ఆశ చూపిన సంస్థను మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: డిప్లొమా ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం, ఇంటర్న్‌షిప్ ఎన్ని పడకల ఆసుపత్రిలో, నిరుడు చేరినవారు ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారు. జవాబు దాటవేస్తే ఫీజు కట్టకండి. మెడికల్ కోడింగ్‌ను (చికిత్స వివరాలను బిల్లుల కోసం సంకేతాలుగా మార్చే పనిని) కూడా ఇందులో భాగమని కొందరు అంటగడుతుంటారు. హైదరాబాద్‌లో దానికీ ఉద్యోగాలున్నాయి కానీ, ఎక్కువగా అమెరికా ఆసుపత్రుల బిల్లుల కోసం కంప్యూటర్ ముందు చేసే పని అది. నిర్వహణతో సంబంధం స్వల్పం.

పరీక్షలు ముగిశాక ఖమ్మంలోనే ఏదైనా పెద్ద ఆసుపత్రి యాజమాన్యాన్ని అడిగి, జీతం లేకపోయినా సరే, ఒక నెల బిల్లింగ్ కౌంటర్ వెనక కూర్చోండి. ఆ తర్వాత కోర్సు సంగతి నిర్ణయించుకోవచ్చు.