“ప్రార్థన అయిపోయింది కదా, మళ్ళీ అరుస్తావా అమ్మా?”

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రోజూ వాక్యం చదువుతాను, ఆదివారం ఆరాధన మానను. మా ఆడపడుచు నలుగురిలో నన్ను తీసిపారేసినట్టు మాట్లాడుతుంది. క్షమించాలి కదా అని నోరు మూసుకుంటాను. ఆ కోపమంతా సాయంత్రం మా ఎనిమిదేళ్ల బాబు మీద పడుతోంది. మొన్న కుటుంబ ప్రార్థనలో ఆమేన్ అనగానే వాడు “ప్రార్థన అయిపోయింది కదా, మళ్ళీ అరుస్తావా అమ్మా?” అన్నాడు. అప్పటి నుంచి బైబిల్ తెరవాలంటేనే సిగ్గేస్తోంది. నేను వేషధారినా?

జవాబు: చెల్లెమ్మా, కాదు. మనుషులు చూడాలని ప్రార్థించే వాళ్లను ప్రభువు ఆ మాట అన్నాడు (మత్తయి 6:5). మీరు ఎవరికీ చూపించుకోవడం లేదు, లోలోపల కుమిలిపోతున్నారు. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నానని అపొస్తలుడైన పౌలంతటివాడే రోమా పత్రిక (రోములోని విశ్వాసులకు ఆయన రాసిన లేఖ) 7వ అధ్యాయంలో బాధపడ్డాడు.

నాకు దిగులు కలిగించింది వేరే మాట. క్షమించడమంటే నోరు మూసుకోవడమని మీరు అనుకుంటున్నారు. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న మాట మనందరికీ నోటికి వచ్చు. అదే మత్తయి 18లో, దానికి కాస్త ముందే, 15వ వచనం ఉంది: నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు అతనికి చెప్పు అని. దాన్ని మనం ఎందుకో దాటేస్తాం. ప్రధానయాజకుని దగ్గర బంట్రౌతు (భటుడు) చెంపమీద కొట్టినప్పుడు యేసు కూడా ఊరుకోలేదు, నన్నెందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). తిట్టలేదు, తిరిగి కొట్టలేదు. అడిగాడు.

మీరూ అడగండి. ముందు మీ వారితో ఒక మాట చెప్పండి, ఫిర్యాదులా కాకుండా, ఆయనకు తెలిసి ఉండాలి కాబట్టి. తర్వాత ఆవిడతో ఒంటరిగా మాట్లాడండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టకండి. పాతవన్నీ తవ్వకుండా ఒక్క సంగతే చెప్పండి: “వదినా, మొన్న అందరి ముందు నా గురించి అన్న మాట నాకు చాలా బాధగా ఉంది. ఏదైనా ఉంటే నాతో విడిగా చెప్పండి.” ఆవిడ మారకపోవచ్చు కూడా. పౌలు రాసింది “శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు” సమాధానంగా, అంటే శాంతిగా, ఉండమని. అవతలి వైపు భారం మీది కాదు.

బాబు విషయం మాత్రం వాయిదా వేయకండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 5:23, 24). మనం దాన్ని ఎప్పుడూ పెద్దవాళ్ల గొడవలకే అన్వయించుకుంటాం. మీ ఇంట్లో మీ మీద మనసులో బాధ పెట్టుకున్నది ఆ పిల్లాడు. ఈ రాత్రి ప్రార్థనకు ముందే వాడి ఎత్తుకు కిందికి కూర్చుని, “నేను అరిచాను, తప్పు నాది, నన్ను క్షమించు నాన్నా” అనండి. “నువ్వు కూడా అల్లరి చేశావు” అని చివర చేర్చకండి, ఆ ఒక్క మాటతో క్షమాపణ చెడిపోతుంది. కోపం చెయ్యి చేసుకునేదాకా వెళ్తుంటే, ఆలస్యం చేయకుండా కౌన్సిలర్‌ని కలవండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

వాడు వెంటనే ఏమీ అనకపోవచ్చు. ఆమేన్ అన్నాక లేచి పనుల్లో పడకుండా, కాసేపు వాడి పక్కనే కూర్చోండి.