దవడ కింద వాపు గొంతువాపే అనుకోకండి, ముందు కంటి రెప్ప తిప్పి చూడండి

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర పల్లె. వానలు పడ్డాక మా మందలో కొన్ని గొర్రెలకు సాయంత్రానికి దవడ కింద నీళ్ల సంచిలా వాపు వస్తోంది, తెల్లారేసరికి తగ్గుతోంది. మేస్తున్నాయి, పారుడు లేదు, కానీ మందలో వెనకబడుతున్నాయి. రెండు చనిపోయాయి. గొంతువాపు టీకా వేయించాం, మళ్లీ వేయించాలా?

జవాబు: వద్దు. ముందు ఆ వాపును వేలితో నొక్కి చూడండి. చల్లగా, నొప్పి లేకుండా ఉండి, వేలు తీసినా గుంట అలాగే ఉంటే అది గొంతువాపు కాదు. గొంతువాపులో జ్వరం విపరీతంగా ఉంటుంది, వాపు వేడిగా ఉండి ముట్టుకోనివ్వదు, గురక పెడుతూ ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. నీలి నాలుకలోనూ మూతి వాస్తుంది గానీ దాంతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కుంటడం ఉంటాయి. మీరు చెప్పినది ఒంట్లో రక్తం తగ్గి నీరు దిగడం. పగలంతా తల వంచి మేస్తుంది కాబట్టి సాయంత్రానికి నీరు దవడ కిందికి చేరుతుంది.

ఇప్పుడు కన్ను చూడాలి. జీవాన్ని ఎండ వెలుతురులోకి తీసుకురండి, దొడ్డి నీడలో రంగు తెలియదు. బొటనవేలితో పై రెప్పను మూసి కనుగుడ్డును మెల్లగా లోపలికి నొక్కుతూ, రెండో చేతి బొటనవేలితో కింది రెప్పను దించితే లోపలి పొర బయటికి ఉబుకుతుంది. ఆ పొర రంగే చూడాలి, రెప్ప అంచు కాదు, తెల్లగుడ్డు కాదు. క్షణంలో చూసి వదిలేయండి, ఎక్కువసేపు పట్టుకుంటే పొర ఎర్రబడి మోసం చేస్తుంది. రెండు కళ్లూ చూసి, ఎక్కువ పాలిపోయిన దాన్నే లెక్కలోకి తీసుకోండి.

దక్షిణాఫ్రికాలో ఇందుకోసమే ఫమాచా అనే రంగుల అట్ట తయారు చేశారు. 1 అంటే ముదురు ఎరుపు, 3 గులాబీ, 5 పూర్తిగా తెలుపు. 1లో రక్తంలో ఎర్రకణాల భాగం 28 శాతం, ఆపైన ఉంటుంది, 5కి వచ్చేసరికి 12 శాతం, అంతకన్నా తక్కువ. అట్ట లేకపోయినా ఫర్వాలేదు, మందలో బాగా పుష్టిగా ఉన్న జీవం రెప్పను పక్కన పెట్టుకుని పోల్చండి. 4, 5లో ఉన్నవాటికి ఆలస్యం లేకుండా మందు పడాలి, 3లో ఉన్న పిల్లలకు, చూలు గొర్రెలకు కూడా. వాటిని పరుగులు పెట్టించకండి, రక్తం అంతగా తగ్గిన జీవం తరిమితేనే పడి చనిపోతుంది.

వానాకాలంలో, పారుడు లేకుండా, ఇలా పాలిపోతే నేను ముందు అనుమానించేది నాలుగో పొట్టలో రక్తం పీల్చే నట్టలను. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్లే పోగొడుతుంది, కానీ 5,000 ఉంటే పావు లీటరు! ఇంకొకటి చస్తే (చావకూడదనే కోరుకుంటున్నాను) పాతిపెట్టే ముందు డాక్టరు గారితో ఆ పొట్ట కోయించండి, ఎరుపు తెలుపు మెలికల దారాల్లా కనిపిస్తాయి. అయితే కార్జపు జలగ, ఒంటినిండా పిడుదులు పట్టినా రెప్ప తెల్లబడుతుంది. రెప్ప పసుపుపచ్చగా ఉన్నా, మూత్రం ఎర్రగా వచ్చినా అది పిడుదుల వల్ల వచ్చే రక్తపు జబ్బు కావచ్చు, నట్టల మందు పనిచేయదు. దుమ్ముకో కండ్లకలకకో కన్ను ఎర్రబడితే రక్తం లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది, అప్పుడు చిగుళ్లు కూడా చూసుకోండి.

అందుకే రేపే నాలుగైదు జీవాల తాజా పేడను విడివిడిగా కవర్లలో కట్టి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. పేడలో నట్టల గుడ్లు చూసి ఏ మందో వాళ్లే చెప్తారు. ఏటా ఒకటే మందు మంద మొత్తానికి పోస్తే నట్టలు దానికి అలవాటు పడిపోతాయి. మోతాదు మాత్రం కంటి అంచనాతో వేయకండి, తూకం వేసి పోయండి. క్లోసాంటెల్ లాంటి నట్టల మందు ఎక్కువైతే చూపు పోయే ప్రమాదం ఉంది.

మంచు ఆరాకే మేతకు తోలండి, చిత్తడి గట్లు కొన్నాళ్లు మానండి. వానలు తగ్గేదాకా రెండు వారాలకోసారి అన్నింటి రెప్పలూ చూడండి.