చీమలతో రాసుకున్న ఒప్పందం చెల్లుతుందా?

ప్రశ్న: నేను శాంతి, సంఘర్షణల అధ్యయనంలో పరిశోధన చేస్తున్నాను. ఒక స్నేహితుడితో కలిసి, మంచాలు పరుపులతో సహా అద్దెకిచ్చిన ఇంట్లో ఉంటున్నాను. వంటగదిలోకి వచ్చే సన్నని పసుపు చీమలతో నేను చదువుకున్న పద్ధతిలోనే రాజీకి ప్రయత్నించాను. కిటికీ గట్టు వాటిది, వంటగట్టు మాది అని హద్దు గీసి, కిటికీ గట్టు మీద రోజూ చిటికెడు పంచదార ఉంచాను. ఆ ఏర్పాటును కాగితం మీద రాసి మేమిద్దరం సంతకాలు కూడా చేశాం. రెండు వారాల తర్వాత నా స్నేహితుడు మాటమాత్రమైనా చెప్పకుండా స్ప్రే కొట్టాడు. ఇప్పుడు చీమలు మూడు చోట్ల నుంచి వస్తున్నాయి. పైగా పరుపుల్లో నల్లులు బయటపడ్డాయి. మా ఒప్పందం చెల్లుతుందా? స్నేహితుడిపై చర్య తీసుకోవచ్చా? గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఒకే కప్పు కింద ఉండేవారి తగాదాలు చాలావరకు ఇలాంటి చోటనే మొదలై, చివరికి లాయరు గడప తొక్కుతాయి.

ముందుగా ఒప్పందం సంగతి చూద్దాం. ఒప్పందానికి ఇరుపక్షాల సమ్మతి ఉండాలి, ఆ సమ్మతి ఇవ్వగల అర్హత కూడా ఉండాలి. చట్టం దృష్టిలో చీమకు హక్కులూ బాధ్యతలూ ఉన్న వ్యక్తిత్వం లేదు. కనుక అది పంచదార తిన్నంత మాత్రాన మీ షరతులకు ఒప్పుకున్నట్టు కాదు, వంటగట్టెక్కినా ఉల్లంఘించినట్టు కాదు. అయినా మీకు వచ్చిన ఆలోచన మీతోనే మొదలైంది కాదు. నేడు ఫ్రాన్సులో ఉన్న సెయింట్ జూలియన్ గ్రామస్థులు తమ ద్రాక్షతోటలను తినేస్తున్న ముక్కుపురుగుల మీద 1545లో ఒకసారి, 1587లో మరోసారి చర్చి న్యాయస్థానానికి వెళ్లారు. రెండోసారి వ్యాజ్యం నెలల తరబడి నడిచింది. పురుగుల తరఫున నియమితుడైన న్యాయవాది, సృష్టిలో మనిషికంటే ముందు పుట్టిన జీవులకు పచ్చని ఆకు మీద దేవుడే హక్కు ఇచ్చాడని వాదించాడు. చివరికి గ్రామస్థులు సభ చేసి, ఊరి బయట కొంత భూమిని పురుగులకు వదిలేస్తామని, అయితే ఆ దారిన నడిచే హక్కు, యుద్ధం వస్తే అక్కడ తలదాచుకునే హక్కు మాత్రం తమకు ఉండాలని ప్రతిపాదించారు. మీరు ఇచ్చిన కిటికీ గట్టు లాంటిదే అది. ఆ నేల బీడని, తన కక్షిదారులకు అక్కడ తిండి దొరకదని పురుగుల న్యాయవాది తిరస్కరించాడు. తీర్పు ఏమైందో తెలియదు, ఎందుకంటే ఆ రికార్డులోని చివరి పుటను ఎలుకలో పురుగులో కొట్టేశాయి. నోరు లేని పక్షానికి కూడా ఒక వకీలును పెట్టి వాదన వినాలనుకున్న ఆ పట్టుదల అంటే, ఈ వృత్తిలో ఉన్నవాడిగా, నాకు గౌరవం.

ఇక మీరు గమనించని విషయం ఒకటి ఉంది. ఆ కాగితం మీద ఉన్న రెండు సంతకాలూ మనుషులవే. కనుక అది చీమలతో ఒప్పందం కాదు, మీ స్నేహితుడికీ మీకూ మధ్య జరిగిన ఏర్పాటు. ఇంట్లో వాళ్లు పరస్పరం చేసుకునే ఇలాంటి ఏర్పాట్ల వెనుక కోర్టుకు వెళ్లే ఉద్దేశం ఉండదని న్యాయస్థానాలు సాధారణంగా భావిస్తాయి. అందుచేత దాని ఆధారంగా దావా వేయమని నేను సలహా ఇవ్వను. చచ్చిన చీమలకు నష్టపరిహారం అడిగే వీలూ లేదు, ఎందుకంటే అవి మీ ఆస్తి కావు. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ 533లో వెలువరించిన ధర్మశాస్త్రం తేనెటీగలను సైతం స్వభావరీత్యా అడవి జీవులుగానే లెక్కించింది. పట్టులోంచి లేచిపోయిన గుంపు కనుచూపు మేరలో ఉండి, వెంటాడి పట్టుకోవడం కష్టం కానంత వరకే అది యజమానిది అవుతుంది. జంతు హింస చట్టాలూ దేశానికో తీరుగా ఉన్నాయి. భారతదేశపు 1960 నాటి చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువుగా నిర్వచించింది, బ్రిటన్ 2006 చట్టం వెన్నెముక ఉన్నవాటికే పరిమితమైంది. అయినా ఇంట్లో చేరిన చీమలను చంపినందుకు మీ స్నేహితుడు బోనెక్కే పరిస్థితి నాకు కనిపించడం లేదు.

అయితే ఇద్దరూ పీల్చే గాలిలోకి, మీకు చెప్పకుండా, వంటపాత్రలున్న చోట మందు కొట్టడం వేరే విషయం. అక్కడ ఉన్నది మీ హక్కు. ఆ డబ్బా మీది లేబుల్ చదవండి. వంటపాత్రలు తీసేయాలని, కిటికీలు తెరవాలని అందులో ఉండి, అతను పాటించకపోతే తప్పు అతనిది. అమెరికాలో అయితే లేబుల్‌కు విరుద్ధంగా వాడటమే చట్టవిరుద్ధం.

మీ పరిశోధన పద్ధతి పనికిరాదని నేను అనను, దాన్ని సరైన చోట వాడాలంటాను. 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థను స్థాపించిన యోహాన్ గాల్టుంగ్, సంఘర్షణను వైఖరి, ప్రవర్తన, వైరుధ్యం అనే మూడు కోణాల త్రిభుజంగా చూశారు. చీమకు మీ మీద ఏ వైఖరీ లేదు, ముందు వెళ్లిన చీమ వదిలిన వాసన జాడే దానికి దారి. ఆ ప్రవర్తన మీ మాటతో మారదు. మిగిలింది వైరుధ్యం ఒక్కటే, అంటే గట్టు మీది తీపి, సింకు కింది తడి, గోడలోని పగులు. గట్టు మీది తీపిని రోజూ పెట్టింది మీరే. ఆ పంచదార ఆపి, జాడను సబ్బునీటితో తుడిచి, పగులు పూడ్పించండి. వైఖరి ఉన్న పక్షం మీ స్నేహితుడు. పంచదార చూసి అతనికి రెండు వారాలుగా ఎంత చిరాకు పుట్టిందో అడిగారా? సంఘర్షణ ముదరడంలో ఫ్రీడ్రిష్ గ్లాస్ల్ అనే సంఘర్షణల పరిశోధకుడు తొమ్మిది మెట్లు గుర్తించారని మీకు తెలుసు. మాట మానేసి చేతలకు దిగడం వాటిలో మూడోది. మొదటి మూడు మెట్ల వరకు ఇద్దరూ నెగ్గే వీలుందని ఆయనే చెప్పారు కనుక సమయం మించిపోలేదు.

స్ప్రే కొట్టాక చీమలు మూడు చోట్ల నుంచి రావడానికీ కారణం ఉంది. మీరు చెప్పిన పోలికలను బట్టి అవి ఫారో చీమలు కావచ్చు. వాటి పుట్టలో రాణులు చాలామంది ఉంటారు, అలజడి కలిగితే పుట్ట చీలి, ఒక్కో ముక్కా కొత్త కాపురం పెడుతుంది. వాటి మీద స్ప్రే కొట్టడం కొరివితో తల గోక్కోవడమే. పనిచేసే చీమలు పుట్టలోకి మోసుకెళ్లే ఎర మందే దీనికి తగినది. ఈ ముక్క మీ స్నేహితుడికి నిందగా కాకుండా సమాచారంగా చెప్పండి.

నల్లుల విషయంలో మాత్రం మీ చేతిలో గట్టి ఆధారం ఉంది. 1843లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో సామాన్లతో సహా ఇల్లు అద్దెకు తీసుకున్న ఒక కుటుంబం, నల్లుల బాధ పడలేక కొద్ది రోజులకే ఖాళీ చేసింది. మిగతా అద్దె కోసం యజమాని వేసిన దావాలో, అలాంటి ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలన్నది రాయకపోయినా ఉన్న షరతేనని కోర్టు తేల్చింది. స్మిత్ వర్సెస్ మారబుల్ అని పేరున్న ఆ తీర్పు సామాన్లున్న ఇళ్లకే పరిమితమై చాలాకాలం ఉండిపోయింది. 2018లో వచ్చిన చట్టం ఆ రక్షణను అక్కడి అద్దె ఇళ్లలో ఎక్కువ భాగానికి విస్తరించింది. మీ దేశంలో ఈ సూత్రం ఎంతవరకు అమల్లో ఉందో అద్దెపత్రం చూపించి స్థానిక న్యాయవాదిని అడగండి. ఈలోగా అద్దె ఆపకండి, ఆపితే బాకీదారు మీరే అవుతారు. పరుపు కుట్ల వెంట నల్లని మచ్చలు, వదిలేసిన పొరలు ఉంటాయి, వాటిని తేదీతో ఫొటో తీయండి. ఆ పరుపులు మీరు వచ్చేసరికే ఇంట్లో ఉన్నవని చూపే సామాన్ల జాబితా వెతికి పెట్టుకోండి. ఫలానా తేదీలోగా నిర్మూలన చేయించాలని, లేకపోతే ఖాళీ చేయాల్సి వస్తుందని యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. దాని మీద మీరిద్దరూ సంతకం చేయాలి. నల్లులు నెలల తరబడి తిండి లేకుండా బతకగలవు, కాబట్టి ఇల్లు కొన్నాళ్లు తాళం వేసి ఉంచుదామని ఆయన అంటే ఒప్పుకోకండి. ఖాళీ చేసే రోజున బట్టలు, దుప్పట్లు 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, మూతి బిగించిన సంచుల్లోనే తీసుకెళ్లండి. కొత్త ఇంటికి అవి మీ సామాన్లతోనే చేరితే అక్కడ జవాబు చెప్పుకోవాల్సింది మీరే.