రోడ్డు నుంచి మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను, ఫోటోలన్నీ చూశాను. 28 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మలతో ఆడుకోవడానికి, ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం కింద పూడిపోయిన రోమన్ ఊరు పాంపే వీధి ఒకటి కట్టి, దాన్ని ఎలా కట్టావో తెలుగులో రాయాలనుకున్నావు చూడు, అది నాకు చాలా నచ్చింది. ఈ పని గురించి మన భాషలో చదువుకోవడానికి దొరికేది చాలా తక్కువ. అందుకే మొహమాటపడకుండా చెప్తున్నాను. వ్యాసంలో సగం గోడలకే పోయింది. స్తంభాలు, ఎర్ర రంగు, కిటికీలు, బాల్కనీ. రోడ్డు సంగతికొచ్చేసరికి "తర్వాత ఫోమ్ మీద రాళ్లు గీశాను" అని ఒకే ఒక్క ముక్క. ఇది తిరగబడాలి. వీధి అంటే ముందు రోడ్డే కదా. అక్కడ ఏ రాయి ఎందుకు పెట్టారో నీకు తెలిస్తే కట్టడమూ కుదురుతుంది, రాయడమూ కుదురుతుంది.

పాంపేలో భూమి కింద మురుగు కాలువలు కొన్ని చోట్లే ఉండేవి. వాన నీళ్లూ, వీధి మూలల్లో ఎప్పుడూ పారుతుండే ఫౌంటెన్ల నుంచి పొర్లిన నీళ్లూ రోడ్డు మీదుగానే పల్లానికి పోయేవి. అందుకని ఫుట్‌పాత్‌లు ఎత్తుగా కట్టుకున్నారు. ఇటు నుంచి అటు కాళ్లు తడవకుండా దాటడానికి, అదే ఎత్తులో, రోడ్డు మధ్యలో పెద్ద పెద్ద రాళ్లు పాతారు. రాళ్లు అడ్డం వచ్చాయి కాబట్టి బండి చక్రాలు ఆ సందుల్లోంచే పోవాలి, అలా ఏళ్ల తరబడి అక్కడే పోయి పోయి గట్టి లావా రాతిని కూడా గాడి పడేలా అరగదీశాయి. ఎరిక్ పోలర్ అనే పురాతత్వవేత్త ఆ రాళ్లమీదా ఫుట్‌పాత్ అంచులమీదా ఉన్న అరుగుదల చూసే, ఏ వీధిలో బండ్లు ఎటు నుంచి ఎటు వెళ్లేవో, ఏవి వన్‌వేలో తేల్చాడు.

ఇది తెలిశాక నీ చేతిపని వరసే మారిపోతుంది. నీ ఫోటోలో గాడి ముందు గీసి, దానికి అటూ ఇటూ రాళ్లు సర్దినట్టు కనిపిస్తోంది. ముందు రోడ్డంతా రాళ్లు పరుచు. బాల్‌పెన్ను గట్టిగా నొక్కుతూ ఐదారు మూలలున్న రాళ్లు గీయి, ఒక్కోటి సెంటీమీటరు వెడల్పు చాలు, రెండు పక్కపక్కన ఒకేలా ఉండకూడదు. అల్యూమినియం ఫాయిల్‌ని ఉండలా నలిపి దాని మీద దొర్లించు, రాతి గరుకుదనం వస్తుంది. అప్పుడు బ్రష్ వెనక కొసతో, గీసిన రాళ్ల మీదుగానే, గాడిని మెల్లగా అణుచు. దాటే రాళ్ల దగ్గర లోతుగా ఉండాలి, దూరం పోయేకొద్దీ చెదిరిపోవాలి. రెండు గాళ్ల మధ్య అసలు దూరం సుమారు 1.4 మీటర్లు, మన 1:56 స్కేలులో, అంటే అసలుకి 56వ వంతులో, రెండున్నర సెంటీమీటర్లు. రంగు బ్రౌన్ కాదు, వెసూవియస్ లావా ముదురు బూడిద రంగు. అడుగున నలుపు, పైన రెండు రకాల బూడిద రంగులతో డ్రై బ్రష్ (దాదాపు ఆరిన బ్రష్‌తో పైపైన రుద్దడం), గాళ్లలో నీళ్లలా పల్చటి మట్టి రంగు వాష్. గాడిలో తడి ఉన్నట్టు కనిపించాలంటే అక్కడొక్కచోటే మెరిసే వార్నిష్ పూయి.

ఒక మాట, థర్మాకోల్ మీద గానీ ఫోమ్ మీద గానీ స్ప్రే పెయింట్ నేరుగా కొట్టొద్దు, కరిగిపోతుంది. ఫెవికాల్‌లో నల్ల అక్రిలిక్ కలిపి ముందు ఒక కోటు వేసెయ్.

వెడల్పు గురించి దాచకుండా రాయి. పాంపేలో చాలా సందుల్ని స్కేలు ప్రకారం కడితే ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లే వస్తాయి. బొమ్మల కింద ఉండే 25 మిల్లీమీటర్ల బేసులు రెండు పక్కపక్కన నిలబెడితే చిన్న సందు నిండిపోతుంది, ఇక రెండు మేడల మధ్య చెయ్యి దూర్చి బొమ్మని కదపడం ఎలా? ఆడుకునే వీధి కాబట్టి పదో పన్నెండో సెంటీమీటర్లు పెట్టుకో, తప్పేం లేదు. కాకపోతే "ఆట కోసం వెడల్పు పెంచాను" అని వ్యాసంలో ఉండాలి. చదివేవాళ్లు నీ కొలతలు నమ్మి ఫోమ్ కోస్తారు.

ఇంకోటి. అక్కడి పెద్ద వీధిని వియా దెల్ అబొండాంజా అని రోమన్లు పిలిచేవాళ్లని రాశావు. ఆ పేరు తవ్వకాలు చేసినవాళ్లు పెట్టింది. అక్కడి ఫౌంటెన్ మీద పళ్లూ ధాన్యం నిండిన కొమ్ము పట్టుకున్న దేవత బొమ్మ ఉంది, ఆమెని సమృద్ధి దేవత అనుకుని పెట్టారు. సరిచెయ్.

ఆటకి కథ ఏం పెట్టాలని అడిగావు. క్రీ.శ. 59లో పాంపే యాంఫీథియేటర్లో గ్లాడియేటర్ల పోటీలు చూడ్డానికి వచ్చిన పక్క ఊరు నుకేరియా వాళ్లకీ ఊరివాళ్లకీ గొడవైంది. మాటలతో మొదలై రాళ్లదాకా, తర్వాత కత్తులదాకా వెళ్లిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రోమ్ సెనేట్ ఆ ఊళ్లో పదేళ్లపాటు అలాంటి పోటీలు పెట్టకూడదంది. ఆ గొడవని గీసిన గోడచిత్రం పాంపేలోనే ఒక ఇంట్లో దొరికింది, ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. అందులో యాంఫీథియేటర్ బయట చెట్లూ, దుకాణాలూ, తన్నుకుంటున్న జనమూ కనిపిస్తారు. బొమ్మల ఆటకి ఇంతకంటే ఏం కావాలి? పారిపోయే నుకేరియా వాళ్లు దాటే రాళ్ల మీంచి దూకాలి, రాళ్లు లేనిచోట దిగితే వేగం సగం. నీ రోడ్డే రూల్ అయిపోతుంది. కానీ 59 అంటే ఆ ఊరిని పడగొట్టిన పెద్ద భూకంపం ఇంకా రాలేదు, కాబట్టి పగుళ్లకి అతికిన ఇటుకలూ సున్నం గుట్టలూ వీధిలోంచి తీసెయ్.

దుకాణాల గడపలు ఒకసారి దగ్గరగా చూడు. రాతి గడపలో పొడవాటి గాడి ఉంటుంది, మన ఊళ్లలో పాత కిరాణా కొట్లకి ఉండేలాంటి పలకల తలుపులు అందులోకి జారేవి. ఐస్‌క్రీమ్ పుల్లలు నాలుగు కోసి ఒక కొట్టుకి సగం మూసిపెట్టు, గొడవ విని యజమాని పలకలు వేస్తున్నాడని ఎవరికైనా అర్థమవుతుంది. వంటకాల కొట్టు కౌంటర్లో కాగులు కప్పెట్టి మూతి మాత్రం పైకి ఉండేది, దానికి పూసలు సరిపోతాయి. గోడ మీద ఎన్నికల రాతలు ఎర్ర రంగుతో, సన్న బ్రష్‌తో. అక్షరాలు చదవగలిగేలా ఉండక్కర్లేదు గానీ వరసలు తిన్నగా ఉండాలి, అవి రాసింది చెయ్యి తిరిగిన పెయింటర్లు. పైకప్పుకి అట్టపెట్టెలోని మడతల అట్ట బాగానే పనికొస్తుంది, కానీ రోమన్ కప్పులో బల్లపరుపు పెంకుల మధ్య మాత్రమే గూన పెంకు ఉంటుంది, అందుకని వరసల మధ్య ఎడం వదులు.

ఇక రాత సంగతి. నేపుల్స్ మ్యూజియంలోనే 19వ శతాబ్దంలో మొదలుపెట్టి కార్క్‌తో చేసిన పాంపే నమూనా ఉంది, 1:100 స్కేలు. చేసినవాళ్లు ప్రతి గది గోడ మీదా అప్పుడు కనిపించిన చిత్రాల్ని బుల్లి బుల్లిగా గీసిపెట్టారు. అసలు గోడల మీద వాటిలో కొన్ని ఇప్పుడు చెరిగిపోయాయి, నమూనాలో మిగిలాయి. నువ్వూ అంత శ్రద్ధగా రాయాలని నా కోరిక. "అందంగా వచ్చింది" అని రాయొద్దు. ఎంత నొక్కావు, ఏ పెన్ను, ఆరడానికి ఎంతసేపు పట్టింది, జిగురు ఎక్కడ వదిలేసింది, అది రాయి. రంగుకి ముందు వేసే ఆ మొదటి కోటుని తెలుగులోకి మార్చకుండా ప్రైమర్ అనే రాయి. సామాను జాబితా ముందే పెట్టకు, ఏ వస్తువు ఎక్కడ చేతిలోకి వస్తే అక్కడ చెప్పు.

రోడ్డు భాగం మళ్లీ రాసి పంపు. ఫోటోలు పైనుంచి కాకుండా బొమ్మ కంటి ఎత్తులో తియ్యి. మూలనున్న బేకరీ పైకప్పు ఊడి వచ్చేదే కదా, అది తీసి లోపల కూడా ఒక ఫోటో పెట్టు, తిరగళ్ల చుట్టూ గాడిద తిరిగేంత చోటు వదిలావో లేదో చూసి చెప్తాను.

ఉంటాను,
అన్నయ్య