‘పాపం, ఆయన స్వభావమే అంత’

రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒక కోడలు రాశారు. పెళ్లయి మూడేళ్లు. అమలాపురంలో ఉద్యోగం. ఆఫీసు ట్రైనింగులో మాటతీరును బట్టి మనుషుల్ని నాలుగు రకాలుగా గుర్తుపట్టడం నేర్పారట. ఇంటికొచ్చి అందరినీ అంచనా కట్టేశారు. మావగారు హుకుం చేసే రకం, ఆడపడుచు గలగలా బయటపడే రకం, అత్తగారు ప్రతిదానికీ లెక్క అడిగే రకం, భర్త ఎవరినీ నొప్పించని మెతక మనిషి. పుట్టింటివాళ్లు పెట్టిన గాజులు రొయ్యల మేత కోసం తాకట్టు పెట్టారు. చెరువులో రొయ్యలు పట్టడం అయిపోయినా విడిపించలేదు. ‘లెక్కల మనిషైన అత్తగారితో ఎలా మాట్లాడితే గాజులు తిరిగొస్తాయి?’ అని అడుగుతున్నారు.

ఎలాగైనా మాట్లాడండి. కాగితం మీద లెక్క రాసి చూపించి, ఫలానా తేదీకి విడిపించమనండి. ఆ ప్రశ్నకి అంతకుమించి జవాబు లేదు.

నాకు గుచ్చుకున్న వాక్యం వేరే ఉంది. ‘బీరువాలోంచి తీసి మా ఆయనే ఇచ్చారు, నాకు తర్వాత తెలిసింది. పాపం, ఆయన స్వభావమే అంత.’

మీరు నేర్చుకున్నది 1960ల్లో అమెరికాలో డేవిడ్ మెరిల్, రోజర్ రీడ్ అనే సైకాలజిస్టులు రూపొందించిన పద్ధతి. మనిషి ఎదుటివాళ్లని అడుగుతాడా, తానే చెప్పేస్తాడా, మనసులోది పైకి కనిపించనిస్తాడా, అణుచుకుంటాడా అన్న రెండే అందులో చూస్తారు. పైకి కనిపించే నడవడికే తప్ప మంచిచెడ్డలు అందులో తేలవు. మెతక రకం వాళ్లు ఒత్తిడి వస్తే లొంగిపోతారని కూడా అందులోనే ఉంది. ట్రైనింగులో ఆ ముక్క చెప్పలేదో, మీకే వినబుద్ధి కాలేదో!

మీ ఆయన అమ్మకి ‘ఆయ్’ అంటారు, మీకు ‘సరేలే’ అంటారు. ఇద్దరి దగ్గరా మంచివాడే. అత్తగారు అడగడంలో నాకు పెద్ద తప్పు కనిపించలేదు. చెరువు మీద అప్పున్న ఇంట్లో బంగారం వైపు చూపు పోకుండా ఉంటుందా? పెళ్లాం సొమ్ము ముట్టుకునే ముందు పెళ్లాన్ని అడగని మగాణ్ణి మాత్రం నేను మెతక అనను. స్త్రీధనం మీద, అంటే మీ గాజుల్లా పుట్టింటివాళ్లు పెట్టిన సొమ్ము మీద, భర్తకు హక్కు లేదని, కష్టంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 2024లో కూడా చెప్పింది. కోర్టుకెక్కమని కాదు, మీరు అడుగుతున్నది దయ కాదని తెలియడానికి చెప్పాను.

ముందు ఆయన్ని తాకట్టు రసీదు మీ చేతికి ఇవ్వమనండి. తర్వాత అత్తగారి దగ్గర విషయం ఎత్తాల్సింది ఆయనే. మీరు పక్కన కూర్చోండి. ఎంతసేపు నసిగినా మాట అందించకండి.