ఆసుపత్రి యాప్ సరిపోతుందా, ఆభా కూడా కావాలా?

ఆసుపత్రి వారి యాప్‌లో రిపోర్టులన్నీ కనిపిస్తున్నప్పుడు ఆభా (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా సంఖ్య) ఎందుకు, రెండింటిలో దేన్ని నమ్ముకోవాలి అని అడిగారు. పన్నెండేళ్లుగా షుగరుకూ బీపీకీ మందులు వాడుతున్న రోగిగా నాకు తెలిసింది చెబుతాను.

విజయవాడలో ఉన్నన్నాళ్లూ ఒకే ఆసుపత్రికి వెళ్లేవాణ్ణి కాబట్టి, వారి యాప్ ఉందన్న ధీమాతో కాగితాల సంగతి పట్టించుకోలేదు. హైదరాబాదుకు మారాక కొత్త డాక్టరుగారు గత మూడేళ్ల క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) విలువలు అడిగారు. యాప్ తెరిస్తే ఓటీపీ పాత నంబరుకు వెళ్తోంది. ఆ సిమ్ వదిలేసి అప్పటికే ఏడాది దాటింది. ఫోన్ చేస్తే, స్వయంగా వచ్చి దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఇంట్లో సంచీ వెతికితే ఒక పాత ఈసీజీ దొరికింది గానీ, అది థర్మల్ కాగితం కావడంతో గీతలన్నీ వెలిసిపోయి, మూలన నా పేరు రాసిన పెన్ను సిరా మాత్రమే మిగిలింది.

అందుకే ఏ యాప్‌నైనా నేను ముందుగా చూసేది, అందులోని రిపోర్టులన్నీ పీడీఎఫ్‌లుగా బయటికి తీసుకోగలనా అన్నదే. ఆరోగ్య రికార్డులు దాచుకునేందుకు పెట్టిన గూగుల్ హెల్త్ 2012 జనవరిలో, మైక్రోసాఫ్ట్ హెల్త్‌వాల్ట్ 2019 నవంబరులో మూతపడ్డాయి. అంత పెద్ద సంస్థలవే నిలవనప్పుడు, మన ఊరి ఆసుపత్రి యాప్ మీద ఎంత భరోసా పెట్టుకోగలం?

ఆభా విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఆ 14 అంకెల సంఖ్య రిపోర్టులను దాచే బీరువా కాదు. రిపోర్టు తయారైన ఆసుపత్రి దగ్గరో ల్యాబు దగ్గరో ఉంటుంది. మనం అనుమతి ఇచ్చినప్పుడే, మనం చెప్పిన గడువు వరకే, అడిగిన డాక్టరుకు అది కనిపిస్తుంది. ఇచ్చిన అనుమతిని మధ్యలో వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఆసుపత్రి యాప్‌లో లేని సౌలభ్యం ఇదే. అయితే ఆ ఆసుపత్రి ఆభాను నడిపే ప్రభుత్వ పథకమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో చేరి, మన రిపోర్టును ఆభాకు జోడించి ఉండాలి. మా వీధి ల్యాబు ఇంకా చేరలేదు గనుక, అక్కడి రిపోర్టులను నేనే ఫోటో తీసి ఎక్కించుకుంటున్నాను.

కనుక ఆభా తీసుకోండి. దానికి ఖర్చు లేదు, బలవంతమూ లేదు. కానీ మీరు వదలబోని మొబైల్ నంబరుతోనే తీసుకోండి. ఆసుపత్రి యాప్‌నూ తీసేయనక్కర్లేదు, అయితే రిపోర్టు వచ్చిన రోజే దించుకుని, తేదీ ముందు, పరీక్ష పేరు తరువాత వచ్చేలా పేరు పెట్టి మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి. ఈసీజీని మాత్రం ఇంటికి వచ్చే దారిలోనే జిరాక్సు తీయించండి. మందుల పేర్లు, పడని మందు పేరు రాసిన చీటీ ఒకటి నా పర్సులో ఎప్పుడూ ఉంటుంది. స్పృహ తప్పి పడిపోతే ఓటీపీ చెప్పేదెవరు?