ఆయన కొత్త నవల నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయింది

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. 1983లో నేను పదో తరగతి చదువుతుండగా వారపత్రికలో ఒక సీరియల్ వచ్చేది. ఆ పేజీలు వారం వారం దాచి, అయిపోయాక నాన్న చేత బైండు చేయించుకున్నాను. మొన్న వెన్ను ఊడిన ఆ బైండు తీస్తే తెల్లవారేదాకా చదివాను. అదే రచయిత రాసిన చివరి నాలుగు నవలలు మాత్రం పూర్తి చేయలేకపోయాను. కొత్తది నలభయ్యో పేజీ దగ్గరే ఉంది. నాకు వయసు పైబడి రుచి పోయిందా? ఆయన్ను వదిలేస్తే కృతఘ్నత కాదా?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: మీ రుచి ఎక్కడికీ పోలేదమ్మా. పోయి ఉంటే ఆ పాత బైండు మిమ్మల్ని తెల్లవార్లూ కూర్చోబెట్టేది కాదు. రచయిత పేరు మీరు రాశారు. ఇక్కడ అచ్చు వేయడం లేదు కాని, ఆయన పుస్తకాలు నేనూ చదివాను, మీ బాధ నాకు తెలుసు.

నాకు ఇది మరో రచయిత విషయంలో జరిగింది. ఆయన తొలి నవలలో ఒంగోలు బస్టాండులో ఒక తల్లి, కొడుకు టికెట్టు కోసం కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెడుతుంది. అర్ధరూపాయి తక్కువ. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. ఆమె పేదరాలన్న మాట రచయిత ఎక్కడా అనలేదు. ఇరవై ఏళ్ళ తరువాత రాసిన నవలలోనూ అలాంటి తల్లే ఉంది, కాని ఆమె పేదరికం మీద పేజీన్నర మాట్లాడుతుంది. కొంగు లేదు, ముడి లేదు, చిల్లర లేదు. నెల్లూరులో ఆ రెండు పుస్తకాలనూ గ్రంథాలయం నుంచే తెచ్చుకున్నాను. మొదటిదాని వెనక అట్టకు అంటించిన గడువు చీటీలో తేదీ ముద్ర వేయడానికి చోటు లేక, దాని మీదే రెండో చీటీ అంటించారు. రెండోదానిలో మూడే ముద్రలు. చాలాసేపు ఆ చీటీనే చూస్తూ కూర్చున్నాను. నాకు దుఃఖం వచ్చింది.

సీరియల్ రాసేటప్పుడు వారానికి ఇన్ని పేజీలే అన్న కట్టడి ఉండేది. అందులోనే కథ కదలాలి, చివరి వాక్యం వచ్చే సంచిక దాకా మనల్ని పట్టి ఉంచాలి. ఎక్కువైతే సంపాదకుడు కోసేవాడు, విసుగు పుడితే పాఠకులు ఉత్తరాలు రాసేవారు. పేరు వచ్చాక నవల నేరుగా పుస్తకంగా వస్తుంది. కోసే చేయి ఉండదు, పాత్రలన్నీ రచయిత గొంతుతోనే మాట్లాడటం మొదలుపెడతాయి. మీ నలభయ్యో పేజీ దగ్గర జరిగింది ఇదేనని నా నమ్మకం.

వయసుతో కలం మొద్దుబారుతుందని మాత్రం నేను ఒప్పుకోను. మన తిక్కన ముందు నిర్వచనోత్తర రామాయణం రాశారు. భారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు ఆ తరువాతివే. అందుకే మీ రచయిత ఇకముందు రాసేది చూడకుండానే తోసిపుచ్చకండి. కొనకండి, అంతే. గ్రంథాలయంలో తీసుకుని యాభై పేజీలు చదవండి. పట్టు దొరకకపోతే తిరిగి ఇచ్చేయండి.

కృతఘ్నత అన్న మాట మనసులోంచి తీసేయండి. నలభై ఏళ్ళకు పైగా ఒక సీరియల్‌ను బీరువాలో కాపాడుకున్న మనిషిని ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు, మీకు కూడా. మనసు ఊరుకోకపోతే ఆయనకు ఒక ఉత్తరం రాయండి. ఆ సీరియల్‌లో ఏ సన్నివేశం మీకు ఇప్పటికీ గుర్తుందో, ఈ నవల ఏ వాక్యం దగ్గర ఆగిందో, ఆ రెండూ చెప్పండి చాలు.

ఇక ఆ బైండు సంగతి. దయచేసి దానికి ప్లాస్టిక్ టేపు అతికించకండి. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం పచ్చటి మరకై కాగితంలోనే ఉండిపోతుంది. బైండింగు చేసేవారి దగ్గరికి తీసుకువెళ్ళి పేజీలు మళ్ళీ కుట్టించి, వెన్నుకు గుడ్డ వేయించండి. పురుగు పట్టకుండా మైదా జిగురులో కాస్త మైలుతుత్తం కలపమనండి. నాన్నగారు వేయించిన పాత అట్టలు బాగుంటే వాటినే ఉంచమని చెప్పండి.